ఎడమ చేతి అవును

బెంగళూరు
సెప్టెంబరు 7

పద్మజ వదినకు సుష్మిత రాసేది.

ఫోనులో అయ్యే పనికి ఉత్తరమేమిటని విసుక్కుంటావు. కానీ పోయిన ఆదివారం నువ్వన్న మాట నన్ను వదల్లేదు. "ఉండేది ఒక్క రూము. నీతో ఏం మాట్లాడినా ఆయన ఇంటాడు. పలకలేని మనిషి ముందర ఆయన గురించే ఎట్ల మాట్లాడేది?" అన్నావు. అందుకే కాగితం పట్టుకున్నాను. మా ఆఫీసులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి మధ్యాహ్నం తిన్నాక రాసుకునే తీరిక నాకూ ఉంటుంది.

అన్నకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. మాట పోయింది, కుడి పక్కంతా పోయింది, మెడ నిలవదు. మిగిలింది ఎడమ చేతిలో వేళ్లు, అవీ కొంచెమే. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన బొమ్మల తెర మీద ఆ వేలు పెట్టించాలని మనమిద్దరం పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. నీళ్ల బొమ్మ మీద పెట్టబోతే నొప్పి బొమ్మ మీద పడేది. చివరికి నువ్వు ఆ తెరను బియ్యం డబ్బాకు మూత చేశావు. తప్పు నీది కాదు.

నా ఉద్యోగమేమిటో నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా దగ్గర తెర లేని యంత్రాలు చేస్తారు. మణికట్టుకు ఒక గుడ్డపట్టీ కడతారు. వేలు కదపబోయినప్పుడు ముంజేతి కండల్లో పుట్టే చిన్న అలజడిని అది పట్టేస్తుంది. వేలు పూర్తిగా కదలక్కర్లేదు, దేన్నీ తాకక్కర్లేదు. బొటనవేలు చూపుడువేలికి రాస్తే అవును. పిడికిలి ముడిస్తే కాదు. మా పై అధికారి నరేంద్ర మన రాప్తాడువాడే. ఇంకో పదేళ్లకు ఫోను చేతిలో పట్టుకున్నవాణ్ణి చూసి పిల్లలు నవ్వుతారంటాడు. ప్రస్తుతానికి చూసేవాళ్లు మమ్మల్ని చూసే నవ్వుతారు. నలభైమందిమి కుర్చీల్లో కూర్చుని, యంత్రానికి నేర్పడం కోసం, రోజంతా ఒళ్లో వేళ్లు రాసుకుంటూ ఉంటాం. ఇంటికి పోయాక అన్నం కలుపుకోవడానికి చెయ్యి రాదు.

పరీక్ష కోసమని చెప్పి ఒక పట్టీ తీసుకున్నాను. దానితోపాటు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా ఒకటి ఉంటుంది, అవును, కాదు అని పైకి పలికేది అదే. మీ పక్కింటి అక్కమ్మ కొడుకు ప్రవీణ్ శుక్రవారం ఊరికి వస్తున్నాడు, అతనికిచ్చి పంపుతున్నాను. అన్న ఎడమ మణికట్టుకు బిగువు లేకుండా కట్టు. ఆశలు పెట్టుకోవద్దని చెప్పడానికి నేనెవరిని, నేనే పెట్టుకున్నాను.

సుష్మిత

*

ధర్మవరం
సెప్టెంబరు 21

సుష్మితకు,

పట్టీ అందింది. ప్రవీణ్ దాన్ని నాకివ్వకముందే వీధిలో నలుగురికి చూపించాడు. గాల్లో వేళ్లాడించి పనులు చేయించుకుంటారని వాడు చెబుతుంటే అక్కమ్మ విని, అట్లాంటివాళ్లకు మా కాలంలో వేపమండలు తెచ్చేవాళ్లు అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో.

ఇక్కడ వానల మాట ఎత్తకు. ఉరవకొండ పక్క శనక్కాయ చేలు మొలకలోనే మాడిపోయాయంట. గాలి ఎండిపోతే పట్టు రేషం పోగులు ఊరికే తెగుతాయి. మగ్గం గుంతలో తడిగుడ్డలు పరిచి నేస్తున్నాను. మీ అన్న నేసేటప్పుడు పక్కన అందించేదాన్ని, ఇప్పుడు ఆయన చోట్లో కూర్చుంటున్నాను. అంచు పక్కన పోగు నడిపే నాడె విసిరి అందించడానికి రెండో మనిషి లేదు కాబట్టి అంచు చీరలు నాకిప్పుడు రావు. అంచు లేని ఒంటిచేతి పని నడుస్తోంది.

మంగళవారం పొద్దున పట్టీ కట్టాను. కాసేపు ఏమీ లేదు. నీళ్లు కావాల్నా అని అడిగాను. డబ్బా "అవును" అంది. చెంబు కింద పడేశాను సుష్మితా. నీళ్లు తాగించి, నేనెవరో తెలుస్తాండాదా అని అడిగాను. అవును అంది. ఎనిమిది నెలలుగా గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాను. ఆ రోజు మగ్గం ఎక్కలేదు. ఆయన మంచం పక్కనే కూర్చుని అడిగిందే అడిగాను, ఏడ్చాను.

ఒక్క సంగతి. డబ్బాలో ఉండేది ఆడగొంతు. ఆయనకు ఆడగొంతు ఏమిటి, మార్చగలవా?

నీకు నేనెంత రుణపడ్డానో కాగితం మీద రాయలేను.

పద్మజ

*

బెంగళూరు
అక్టోబరు 6

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి బాత్రూములో చదివి ఏడ్చాను, అక్కడ తప్ప మా ఆఫీసులో ఏడ్చే చోటు లేదు.

మగగొంతు పెట్టించాను. కానీ మా దగ్గరుండే తెలుగు మగగొంతు కోస్తావాళ్లది. అన్న నోట ఆ యాస వింటే నీకు ఒళ్లు మండుతుంది, కొన్నాళ్లు ఓర్చుకో.

ప్రవీణ్ చేత తీయించి నువ్వు పంపిన వీడియోను నరేంద్రకు పంపి చూపించాను. నువ్వు అడగడం, డబ్బా పలకడం, నువ్వు కొంగుతో ముఖం కప్పుకోవడం. అతను లేచి నిలబడ్డాడు. జనవరిలో పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారు, వాళ్లకు ముందుగా ఇదే చూపిద్దామంటున్నాడు. నాకు కొత్తగా ఒక జట్టును అప్పగించారు. ఇన్నేళ్లలో నా పేరు పిలిచి మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

పట్టీ నమోదు చేసిందంతా డబ్బా ద్వారా మాకు వస్తూ ఉంటుంది. వచ్చింది. తీరిగ్గా చూడాలి. అన్నకు పిడికిలి ముడవడం ఏమైనా వస్తోందా? చూసి రాయి.

ఆశ్రిత ఎలా చదువుతోంది? బుక్కరాయసముద్రం హాస్టల్లో తిండి బాగాలేదని పోయిన నెల నాకు మెసేజి పెట్టింది. డిగ్రీ రెండో ఏడాది అంటే నమ్మబుద్ధి కాదు. అన్న ఆ పిల్లను ఒక్కనాడైనా మగ్గం గుంతలో కాలు పెట్టనివ్వలేదు కదా.

సుష్మిత

*

ధర్మవరం
నవంబరు 9

సుష్మితకు,

పిడికిలి రాదు. వేళ్లు సగం వరకు ముడుచుకుని ఆగిపోతాయి. కాదు అనే మాట ఇంతవరకు వినలేదు. అవునని మాత్రం గంటకు నూరుసార్లు అంటాడు. నీ కోస్తా పెద్దమనిషి గొంతుకు అలవాటు పడ్డాం, అక్కమ్మ అయితే ఆ గొంతుకు మర్యాదగా అండీ అని జవాబిస్తోంది.

ఒక నిర్ణయం జరిగిపోయింది, నీకు చెప్పాలి. షావుకారు నాగేశ్వరయ్య ఇంటికొచ్చాడు. ఒంటిచేతి చీరలు ఎవరూ అడగడం లేదు, అంచు చీరలైతేనే మగ్గానికెక్కించే వార్పు పోగులు ఇస్తాను, లేకపోతే ఈ మగ్గానికి ఇంక ఇవ్వను అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. రెండో మనిషి కావాలి. కూలికి వచ్చేవాళ్లు లేరు, ఉన్నవాళ్లంతా మరమగ్గాలకు పోయారు.

రెండు రోజులు ఆలోచించి మీ అన్ననే అడిగాను. ఆశ్రితను చదువు మాన్పించి మగ్గం మీద కూర్చోబెట్టనా అని. అవును అన్నాడు. మళ్లీ అడిగాను, మళ్లీ అవునన్నాడు. ఆశ్రితకు ఫోను చేసి, ఇది నాయన మాట అని చెప్పాను. నిన్న సాయంత్రం బస్సు దిగి వచ్చింది, పెట్టె కూడా తెచ్చుకుంది. రేపు మంచి రోజు, గుంతలో కూర్చోబెడుతున్నాను.

నువ్వు బాధపడతావని తెలుసు. ఇంటి పెద్ద చెప్పాక నేను చేసేదేముంది?

పద్మజ

*

బెంగళూరు
నవంబరు 15

వదినా,

ఆ ప్రశ్న ఇంకోసారి అడుగు. వేరేగా అడుగు. ఆశ్రిత చదువుకోవాల్నా అని అడిగి చూడు. యంత్రం కొత్తది, ఒక్కోసారి పొరపడుతుంది. పెద్ద విషయాలకు దాని మీద ఆధారపడొద్దు. నీళ్లు, అన్నం, దుప్పటి, అంతవరకే.

ఆశ్రిత పేరు కాలేజీలో కొట్టేయించకు. సెలవని రాసివ్వు చాలు.

పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

సుష్మిత

*

ధర్మవరం
డిసెంబరు 5

సుష్మితకు,

నీ ఉత్తరం ఎనిమిది వరసలు. లెక్కపెట్టాను. అన్నను మాట్లాడించావని బెంగళూరులో నిన్ను నెత్తిన పెట్టుకున్నప్పుడు అది మంచి యంత్రం. అదే యంత్రం నీకు నచ్చని మాట చెబితే కొత్తది, పొరపడుతుంది. నీళ్లకు అవునంటే నిజం, కూతురి సంగతికి అవునంటే అబద్ధమా? ఏదో ఒకటి తేల్చుకో.

నువ్వు అక్కడుండి సలహాలు రాస్తున్నావు. ఇక్కడ నేను పొద్దున ఆయనకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, గంజి పట్టి, వీపు మీద పుండు పడకుండా తిప్పి, అప్పుడు మగ్గం ఎక్కుతున్నాను. నడుం ఎప్పుడు విరుగుతుందో తెలియదు. అలిసిపోయాను సుష్మితా. ఎంత అలిసిపోయానంటే నువ్వు పంపిన ఆ ఒక్క అవును మీద ఒరిగి నిలబడ్డాను.

ఆశ్రిత పని నేర్చుకుంది. చెప్పింది చేస్తుంది, పోగు తెగితే అతుకుతుంది. నాతో మాట్లాడదు, వాళ్ల నాయన వైపు చూడదు. అన్నం తినమంటే తింటుంది. తిట్టినా బాగుండేది.

ఇంకొకటి, నీ డబ్బా పాడైపోయింది. మూడు వారాలైంది పలకడం లేదు. ఏమడిగినా ఉలుకూ పలుకూ లేదు. ప్రవీణ్ విప్పి చూసి బాగానే ఉండాదన్నాడు. నీకు తీరికుంటే బాగుచేయించు, లేకపోతే వెనక్కి పంపేస్తాను.

పద్మజ

*

బెంగళూరు
డిసెంబరు 13

వదినా,

కోపగించుకో, కానీ చివరి వరకు చదువు.

అన్న పట్టీ నుంచి వచ్చిన నమోదును నేను అక్టోబరు నాలుగున చూశాను. తీరిగ్గా చూడాలని నీకు రాసింది అబద్ధం, అప్పటికే చూసేశాను. రోజుకు ఎనిమిది వందలు, వెయ్యి, పదకొండు వందల అవునులు. నువ్వు పక్కన ఉన్నా లేకపోయినా, ఎవరూ ఏమీ అడగకపోయినా. పొద్దున ఆరున్నరకు మొదలవుతాయి. తొమ్మిదింటికి కాసేపు ఆగుతాయి. ఒంటిగంటకు ఆగి రెండింటికి మళ్లీ మొదలవుతాయి. దీపాలు పెట్టే వేళకు ఆగిపోతాయి. అమావాస్య రోజు ఒక్కటీ లేదు.

అమావాస్య చూశాక ఇంక అనుమానం లేకపోయింది. మన వీధిలో ఆ రోజు ఎవరూ మగ్గం ముట్టరు కదా. అన్న అవునని చెప్పడం లేదు వదినా. పోగులు అతుకుతున్నాడు. వేలికి బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పోగులు పెట్టి మెలిపెట్టడం. మాకు అవును అనే సైగ, మీకు అతుకు పెట్టే వేళ్ల పని, రెండూ ఒకటే కదలిక. మా నలభైమందిలో నేతవాళ్ల ఇంట్లో పుట్టింది నేనొక్కదాన్నే. నాకు మొదటి రోజే తట్టి ఉండాల్సింది.

తట్టాక చెప్పాల్సింది. చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత నీతో ఆయన మాట్లాడాడని నువ్వు రాసిన ఉత్తరం బల్ల మీదే ఉంది. దాన్ని అబద్ధం చేయడానికి చెయ్యి రాలేదు. అది ఒక కారణం. రెండోది, నా పేరు పిలిచి మెచ్చుకున్నారని రాశాను చూడు, అది. ఆశ్రిత సంగతి తెలిశాక కూడా ఎనిమిది వరసల్లో తప్పించుకున్నాను. నువ్వు లెక్కపెట్టింది సరిగ్గానే లెక్కపెట్టావు.

కాదు అనే వీలు లేని మనిషికి అవును ఒక్కటే ఇచ్చి, దాన్ని మాట అన్నాం.

నిన్న నరేంద్రకు చెప్పేశాను. అతను చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. "వీడియో చూసేటోడు ఆ చెయ్యి ఏమనుకున్యాదని అడుగుతాడా సుష్మితా? వొదిలేయ్" అన్నాడు. వీడియో మా వదినది, మా అన్నది, చూపించడానికి వీల్లేదని రాసిచ్చాను. జట్టు తీసేసుకున్నారు. మళ్లీ కుర్చీలో కూర్చుని వేళ్లు రాసుకుంటున్నాను, అదేమీ పెద్ద కష్టం కాదు.

ఇంకొక్కటి చెప్పాలి. డబ్బా పాడవలేదు. నాడి కొట్టుకోవడం, ఒంటి వేడి, అన్నీ సరిగ్గా వస్తున్నాయి. ఆగింది వేళ్లే. నవంబరు పది పొద్దున తొమ్మిదింటి నుంచి ఆ వేళ్లు ఒక్కసారి కూడా కదల్లేదు. ఆశ్రితను నువ్వు గుంతలో కూర్చోబెట్టింది ఆ పొద్దునే. అది ఆయన చెప్పే మాట అని నేను అనను. ఒకసారి అట్లా అనుకునే ఇంత చేశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను, అంతే.

నన్ను తిట్టు.

సుష్మిత

*

ధర్మవరం
జనవరి 2

సుష్మితకు,

తిట్టడానికి నోరు లేదు. నువ్వు అక్టోబరు నాలుగున కనిపెట్టింది నాకు సెప్టెంబరులోనే తెలుసు.

పట్టీ కట్టిన రెండో రోజే తెలిసింది. అడిగినదానికల్లా అవునంటుంటే నాకు అనుమానం వచ్చి, వాన పడిందా అని అడిగాను. అవునన్నాడు. ధర్మవరంలో, ఎర్రటి ఎండలో. నేను నీకు చెల్లెలినా అంటే దానికీ అవునన్నాడు. అప్పుడు వేళ్ల వైపు చూశాను. నీకు లెక్కలు కావలసి వచ్చాయి. నేను ఇరవై రెండేళ్లు ఆ చేతికి ఎదురుగా కూర్చున్నదాన్ని. కొత్త వార్పు వచ్చినప్పుడల్లా ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి ఆ కొస నుంచి ఆయన, ఈ కొస నుంచి నేను, వేల పోగులు అతుక్కుంటూ మధ్యకు వచ్చేవాళ్లం. ఆ రెండు రోజులూ మాటలుండవు, మాట్లాడితే పోగు తప్పుతుంది. ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో నాకు తెలియకపోవడం ఏమిటి?

తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటే, నాకు ఎవరో ఒకరు అవును అనాలి సుష్మితా. ఇంట్లో ప్రతిదీ నేనే తేల్చాలి. మందు మార్చాలా, మగ్గం ఉంచాలా, షావుకారుకు ఏం చెప్పాలి. అడిగితే అవును అనే గొంతు ఒకటి ఉంటే, అది అబద్ధమని తెలిసినా, సగం బరువు దిగినట్టుండేది. మొదట చిన్నవాటికి అడిగేదాన్ని. అలవాటైంది. ఆశ్రితను మాన్పించాలని రెండు రోజులు ఆలోచించి తేల్చుకున్నది నేను. ఆయన్ను అడిగింది ఆ తర్వాత. ఆయన బాగుండగా ఆ మాట ఎత్తితే నన్ను ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదు. అది తెలిసే ఆయన నోట్లో పెట్టాను.

వేళ్లు ఆగిపోయిన సంగతి మాత్రం నువ్వు రాసేదాకా నాకు తెలియదు. డబ్బా మీద పెట్టిన ధ్యాస చేతి మీద పెట్టలేదు. నీ ఉత్తరం చదివి లేచి చూశాను. దుప్పటి మీద ఆ చెయ్యి చెక్కలా పడుంది. ఆయన కళ్లు మగ్గం వైపు లేవు, గోడ వైపు ఉన్నాయి. నిజంగానే అలిగాడో, ఒళ్లు ఇంకా చెడిందో నాకూ తెలియదు. డాక్టరు వచ్చి చూసి ఏమీ తేడా లేదన్నాడు.

ఆశ్రితను పిలిచి నీ ఉత్తరం చేతిలో పెట్టాను. అది చదివేలోపు నా సంగతీ చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. ఉత్తరం మడిచి, చాలా నిదానంగా అంది: "నువ్వు చెప్పింటే నీతో కొట్లాడేదాన్ని మ్మా. మూడు దినాలు అన్నం మానేసేదాన్ని. నాయన చెప్పినాడంటివి. నోరు లేని మనిషితో ఎట్ల కొట్లాడేది?"

చదువు పోతే మళ్లీ చేర్పించొచ్చు, కొట్లాడే హక్కు దానికి లేకుండా చేశాను. నువ్వు చెప్పినట్టు సెలవని రాసిచ్చి ఉంటే సులువయ్యేది, నేను పేరు కొట్టేయించాను. ప్రిన్సిపాలు మేడమ్ కాళ్లు పట్టుకున్నంత పని చేసి మళ్లీ రాయించాను. హాజరు తక్కువైంది, ఒక పరీక్ష పోతుంది. పోనీ.

నాగేశ్వరయ్యకు నేనే నా నోటితో చెప్పాను, నా బిడ్డ మగ్గం ఎక్కదు, వార్పు ఇస్తే ఇయ్యి, లేకపోతే లేదు అని. ఇవ్వనన్నాడు. ఉన్న చీర దించి, వచ్చే వారం నుంచి అక్కమ్మతోపాటు రేషం చుట్టే పనికి పోతున్నాను. తక్కువే వస్తుంది. నీ దగ్గర ఏమీ అడగడం లేదు, పంపవద్దు.

ఆశ్రిత నిన్న పొద్దున హాస్టలుకు పోయింది. పోయే ముందు వాళ్ల నాయన పక్కన కూర్చుంది, ఏం చెప్పుకుందో నేను వినలేదు, బయటికి వచ్చేశాను. నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. అది తెలుసు.

దాన్ని బస్సెక్కించి వచ్చి గిన్నెలు కడుగుతుంటే లోపలి నుంచి నీ కోస్తా పెద్దమనిషి గొంతు వినిపించింది. అవును. కాసేపు ఆగి, అవును. పోయి చూస్తే వేళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. నిదానంగా, కానీ అవే.

మంచం పక్కన కూర్చున్నాను. నేను చేసిందంతా ఆయనకు పైకి చెప్పాను, ఒక్కటీ దాచలేదు. నీ మాటని చెప్పి నా మాట నెగ్గించుకున్నాను అని చెప్పాను. మధ్య మధ్యలో డబ్బా అవును, అవును అంటూనే ఉంది. తప్పయిపోయింది, నన్ను మన్నించినావా అని అడగాలని నోటిదాకా వచ్చింది.

అడగకముందు ఆ పట్టీ విప్పేశాను.

పద్మజ